టింబర్‌మన్ స్తెఫను గుట్ట

స్తెఫను మొక్క నాటడం మొదటిసారి చూసినవాళ్లు, ఈయనకు ఆ మొక్క మీద ఏదో పాత పగ ఉందనుకునేవాళ్లు. గుంతలో మొక్క నిలబెట్టి, మట్టి పోసి, బూటు మడమతో దబదబా తొక్కేవాడు. అది చాలక ఒక కర్ర మొద్దు తెచ్చి చుట్టూ గట్టిగా దంచేవాడు. ఆఖర్న కాండం పట్టుకుని ఊపి చూసేవాడు. కదిలిందా, మళ్లీ మొదటినుంచీ దంచుడే. కదలకపోతే "ఇగ పడదు" అని తృప్తిగా తరువాతి గుంత దగ్గరికి నడిచేవాడు. నిజమే, ఒక్కటీ పడలేదు. నిలబడ్డవి నిలబడ్డట్టే ఎండిపోయాయి. ఆ వానకాలం మట్టిగుట్ట మీద అతను నాటిన వాలు మొత్తంలో ఒక్క చిగురు కూడా రాలేదు.

అతన్ని తప్పు పట్టలేం. గోదావరిఖని గనుల్లో వయసంతా టింబర్‌మన్‌గా పనిచేసిన మనిషి. బొగ్గు తవ్విన చోట పైకప్పు మనుషుల మీద పడకుండా కర్ర గుంజలు నిలబెట్టి, గుంజకూ కప్పుకూ మధ్య చెక్క చీలలు దిగ్గొట్టి బిగించడం అతని పని. ఆ పనిలో గుంజ వదులుగా ఉందంటే మనిషి ప్రాణం పోయినట్టే. అలాంటి చేతులకు మొక్క ఇస్తే అవి దాన్ని గుంజలాగే బిగించాయి.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నా పేరు ఉమామహేశ్వర్. మాది మంథని. బొగ్గు కంపెనీ అకౌంట్ల ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయ్యాను. స్తెఫను క్వార్టరూ మా క్వార్టరూ పక్కపక్కనే. మధ్యలో నడుమెత్తు గోడ. క్రిస్మస్ కేకు అటునుంచి, ఉగాది పచ్చడి ఇటునుంచి ఆ గోడ మీదుగానే ప్రయాణం చేసేవి. అతని భార్య సువార్త, మా ఆవిడ జానకమ్మ చెరోవైపు నిలబడి మాటల్లో పడితే రెండు ఇళ్లలోనూ అన్నం మాడేది. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. గోడ ఉంది. దాని మీద ఎవరూ చెయ్యి ఆనించి నిలబడరు.

అప్పటి కాలనీ తలుచుకుంటే నాకు ముందు వాసన గుర్తొస్తుంది. చలికాలం పొద్దున ప్రతి ఇంటి ముందూ బొగ్గు కుంపటి రాజుకునేది. ఆ పొగలోంచే మొదటి షిఫ్టు వాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని మాట్లాడుకుంటూ పోయేవాళ్లు. రాత్రి షిఫ్టు వాళ్లు ఎదురొచ్చేవాళ్లు, కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనబడకుండా. స్తెఫను ఆ నల్లమొహంతోనే మా గోడ మీద మోచేతులు పెట్టి, "పంతులూ, చాయ పోస్తవా, పొమ్మంటవా?" అని అరిచేవాడు. పొమ్మంటే పోయే రకం కాదు. ఆ గొంతు కోసం ఇవాళ నేను ఎన్ని చాయలైనా పోస్తాను.

గనిని మావాళ్లు బాయి అంటారు. కాగితాల మీద తప్ప బాయి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒకసారి సామాను లెక్క చూడటానికి ఆఫీసరు వెంట నేనూ దిగాల్సి వచ్చింది. అక్కడ స్తెఫను వేరే మనిషి. వేళాకోళం లేదు, నవ్వు లేదు. ఆ రోజు వాళ్లు గుంజలు తీస్తున్నారు. ఒక చోట బొగ్గంతా అయిపోయాక, పెట్టిన గుంజల్ని తీసేసి పైకప్పును కూలనిస్తారు. తీసేముందు స్తెఫను ఆ ఖాళీ చీకట్లోకి మొహం పెట్టి గొంతు చించుకుని కేక వేశాడు.

"ఉన్నరా ఎవరన్నా?"

జవాబు లేదు. మళ్లీ వేశాడు. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. మా ఆఫీసరు విసుక్కుని, అందరూ బయటికొచ్చారని హాజరు చూసే చెప్పాను గదా అన్నాడు. స్తెఫను వినలేదు. మూడో కేక కూడా వేసి, ఆ నిశ్శబ్దం విని, అప్పుడు గుంజ మీద దెబ్బ వేశాడు. పైకి వచ్చాక చాయ తాగుతూ నాకు చెప్పాడు. "కింద మనిషుంటే గుంజ తియ్యరాదు పంతులూ. ఒక్కడున్నా తియ్యరాదు. హాజరు నమ్మి తీస్తమా? గొంతు నమ్మాలె." నా జీవితమంతా హాజరు పట్టీలతోనే గడిచింది కాబట్టి ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది కూడా.

తరువాత అతనికి దమ్ము, అదే ఆయాసం జబ్బు, మొదలైంది. డాక్టర్లు బాయిలో దిగొద్దన్నారు. పైన పని ఇచ్చారు, అదీ నర్సరీలో. స్తెఫనుకు అది పెద్ద అవమానం. వారం పాటు నాతో కూడా సరిగా మాట్లాడలేదు. "బాయిల గుంజలు పెట్టినోనికి ముసలమ్మల నడుమ మొక్కల డ్యూటీనా!" అని గోడకు చెప్పాడు, నాకు కాదు.

నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని వచ్చాక బొగ్గు మీద ఉన్న మట్టినంతా తీసి పక్కన పోయడం మొదలై, చూస్తుండగానే మా కాలనీ పక్కన ఒక గుట్ట లేచింది. గడ్డిపోచ లేని గుట్ట. ఎండాకాలం గాలి వీస్తే పెరుగు గిన్నెలో దుమ్ము, దేవుడి పటం మీద దుమ్ము. వానాకాలం బురద జారి వచ్చి రోడ్ల మీద పరుచుకునేది. కంపెనీ ఆ గుట్ట మీద అడవి పెంచాలనుకుంది. ఆ పనికి పోయిన స్తెఫను చేసిన మొదటి ఘనకార్యమే నేను ముందు చెప్పింది.

అక్కడ ఐలవ్వ అనే ఆవిడ కూలికి వచ్చేది. ఒకప్పుడు ఆమె జొన్న వేసుకున్న చెలక ఇప్పుడు ఆ ఓపెన్‌కాస్టు గుంతలోనే ఉంది. ఎండిన వరసల మధ్య తల పట్టుకుని కూర్చున్న స్తెఫను దగ్గరికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిందట. "ఓ టింబరన్నా, గది కట్టె గాదు, పానం ఉన్నది. గట్ల గొంతు పిసికితె ఎట్ల బతుకుతది? జర ఊపిరాడనియ్యి." స్తెఫను ఈ మాటను కాలనీ అంతా తిరిగి తనే చెప్పుకుని నవ్వాడు. దమ్ముతో ఎగపోసే మనిషికి ఊపిరి సంగతి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది చూడు పంతులూ అనేవాడు.

ఆ మరుసటి ఏడాది నుంచి గుట్టకు అతని పిచ్చి పట్టింది, అతనికి గుట్ట పిచ్చి పట్టింది. వాలు మీద వెదురు, కానుగ. పైన వేప, రేల, సీతాఫలం. అలవాటు పోక వరసలు మాత్రం బాయిలో గుంజల్లాగే సూటిగా పెట్టాడు. ఆదివారం చర్చి నుంచి తెల్లచొక్కాతోనే అటు పోయి, మట్టి చేతులతో ఇంటికొచ్చి సువార్తతో తిట్లు తినేవాడు. చెట్లు మోకాళ్లు దాటాయి, తలలు దాటాయి. ఒక వేసవిలో జానకమ్మ పెరుగు గిన్నె మీద మూత పెట్టడం మర్చిపోయింది. పొద్దున చూస్తే పెరుగు తెల్లగానే ఉంది. ఆ సంగతి ఆమె గోడ మీదుగా సువార్తకు చెప్పి, ఇద్దరూ నవ్వుకున్నారు. స్తెఫనుకు దొరికిన పెద్ద బహుమానం అదేనని నేను ఇప్పటికీ అంటాను.

మా ఇద్దరికీ ఒక వాదన ఉండేది. కంపెనీ లాభాల్లో కార్మికులకు ఏటా వాటా వస్తుంది. అది వచ్చిన రోజు స్తెఫను మీసం దువ్వుకుని, "మనం గూడ వాటాదారులమే" అని లక్ష్మీనగర్ బజారులో ఛాతీ విరుచుకుని తిరిగేవాడు. నేను ఏడిపించేవాణ్ణి. వాటాదారుడివైతే చెప్పు, నీ మొక్కల వల్ల కంపెనీకి ఏం వచ్చింది, మా ఆఫీసులో మొక్కలు ఎప్పుడూ ఖర్చు వైపే ఉంటాయి, జమ వైపు నేనెప్పుడూ చూడలేదు అనేవాణ్ణి. అతను చుట్ట కొస కొరికి ఉమ్మి, "నీ జమ వైపు ఇంక మొలవలే పంతులూ, ఆగు" అనేవాడు.

రిటైరైనా అతను గుట్టను వదల్లేదు. పొద్దున కర్ర పట్టుకుని ఎక్కేవాడు. పై నుంచి ఒకవైపు జ్యోతినగర్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు, ఒకవైపు గోదావరి గీత. కాలనీ వాళ్లు దాన్ని స్తెఫను గుట్ట అనడం ఎప్పుడు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. గుట్టకు అవతలి పాదం దగ్గర ఓపెన్‌కాస్టు గుంత ఉంది. ఆ పాదం దగ్గరి నీళ్ల పంపు మీదనే అతని మనుమరాలు కెరోలిన్‌కు డ్యూటీ. గుంతలోకి వాననీళ్లు నిండకుండా తోడిపోయించే పని. ఆ పిల్ల హెల్మెట్టు పెట్టుకుని మొదటిరోజు డ్యూటీకి పోతుంటే స్తెఫను గోడ పట్టుకుని ఏడ్చాడు. సువార్త చూడలేదే అని.

అసలు కథ రెండేళ్ల కిందటిది. మా తమ్ముడి కొడుకు అనంతకృష్ణ, మైనింగ్ చదివి, ఎక్కడెక్కడో పనిచేసి, మన కంపెనీకే, ప్లానింగు ఆఫీసులోకి వచ్చాడు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, స్తెఫనును కూడా పిలవమన్నాడు. డంపర్ లారీలు గుట్ట చుట్టూ తిరిగి వస్తున్నాయట. గుట్టను మధ్యకు కోసి దారి వేస్తే డీజిలు చాలా మిగులుతుందట. ఖర్చు తగ్గించే దారులన్నీ రాసి పంపమన్నారట, అందులో ఇదొకటి.

"నువ్వు సరేనంటే కాలనీల ఎవ్వరు మాట్లాడరు కాకా. నువ్వు వద్దంటే ధర్నానే" అన్నాడు అనంతకృష్ణ, తల వంచుకుని.

నాకు ఒళ్లు మండిపోయింది. స్తెఫను ఇప్పుడు కర్ర ఎత్తుతాడనుకున్నాను. అతను గోడ వైపు చూస్తూ చాలాసేపు చుట్ట కాల్చాడు.

"కోసెయ్యి బిడ్డా" అన్నాడు.

"నీకేమన్నా మతి పోయిందా స్తెఫనూ?" అని అరిచాను.

"గుంజ పెట్టేది ఎందుకు పంతులూ? పని అయినంక తీసుడుకే. ఖర్చు ఎక్కువైతె బాయి మూస్తరు. బాయి మూస్తె కెరోలిన్ ఏడికి పోవాలె? మందమర్రికో, ఇంకెక్కడికో తోలుతరు. నా చెట్ల కోసం బాయిని బొంద పెట్టుకుంటనా? నేను వాటాదారుణ్ని గదా!" నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

తరువాత కొన్నాళ్లు అతను గుట్ట ఎక్కలేదు. పొద్దున్నే లేచి, కర్ర తీసుకుని, గేటు దాకా వచ్చి, వెనక్కి పోయేవాడు. నేను గోడ ఇవతల నుంచి చూస్తూ ఉండేవాణ్ణి. అతని మీద కోపం, మా పిల్లాడి మీద కోపం, అన్నీ ఖర్చు వైపే రాసిన నా చేతుల మీద కూడా కోపం వచ్చింది.

దారి గుర్తులు పెట్టే రోజు అనంతకృష్ణ మమ్మల్నిద్దరినీ జీపులో గుట్ట పైకి తీసుకుపోయాడు. స్తెఫను ముందు దిగి రేల చెట్ల వైపు నడిచాడు. నేను జీపులోనే కూర్చుని మావాణ్ణి కడిగేశాను. వాడు వాదించలేదు. మెల్లగా వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు గనిలో తాను చేసిన ఉద్యోగం సంగతి చెప్పాడు.

"అక్కడ గూడ ఇట్లనే ఒక గుట్ట మీది చెట్లు తీసి దారి వేసినం పెదనాన్నా. ఆ ఏడు లాభం పెరిగింది. వాటాలు కొన్నోళ్లు మిఠాయి పంచిండ్రు. రెండో వానకాలం గుట్ట జారి గుంతల పడ్డది. దేవుని దయ, షిఫ్టు మారే టైము, మనుషులు లేరు. మిషన్లన్నీ బురదల పోయినయి. గని మూసిండ్రు. అప్పు ఇచ్చినోళ్లు మొహం తిప్పుకున్నరు. మిఠాయి పంచినోళ్లే ఆ వాటాలు ఎవరికి అంటగట్టాల్నా అని తిరిగిండ్రు. ఇప్పుడా కంపెనీ లేదు."

"అంతా తెలిసి మరి ఎందుకు అడుగుతున్నవురా?"

"నేను ఒక్కణ్ని వద్దంటే, చిన్నోడు భయపడ్డడంటరు. స్తెఫను కాక వద్దంటడనే వచ్చిన ఆ రోజు. ఆయన సరేనన్నడు. ఏం చెయ్యాలె?"

ఇద్దరికీ ఇష్టం లేదు, అతను వద్దంటాడని వీడు చూస్తే, అతనేమో గని కోసమని సరేనన్నాడన్నమాట.

దిగి చూస్తే స్తెఫను గుట్ట అంచున నిలబడి ఉన్నాడు. వెదురు పొదల కింద వాలు, ఆ వాలు కింద పంపు షెడ్డు, దాని అవతల గుంత. మధ్యాహ్నం బ్లాస్టింగు ముందర మిషన్లన్నీ ఆగి అంతా నిశ్శబ్దంగా ఉంది. మనుషుల్ని దూరం పంపే సైరన్ ఇంకా మోగలేదు. అనంతకృష్ణ సున్నం డబ్బా పట్టుకుని అతని పక్కకు పోయి అడిగాడు. "మొదలువెట్టాల్నా కాకా?"

స్తెఫను తల ఊపాడు. ఒక వేపచెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి అక్కడ పెట్టగానే ఏ పాత అలవాటు లేచిందో తెలియదు, కిందికి మొహం పెట్టి, దమ్ము మొత్తం కూడగట్టుకుని కేక వేశాడు.

"ఉన్నరా ఎవరన్నా?"

నా చెవుల్లో మళ్లీ ఆ బాయి, ఆ చీకటి, ఊపిరి బిగబట్టిన ఆ జనం. కేక వాలు మీదుగా దిగిపోయింది. ఒక క్షణం ఏమీ లేదు. తరువాత కింద పంపు షెడ్డులోంచి పసుపు హెల్మెట్టు ఒకటి బయటికి వచ్చి, తల పైకెత్తి, నోటి చుట్టూ చేతులు దొప్పలా పెట్టుకుంది.

"ఉన్నం తాతా! ఉన్నం!"

స్తెఫను అక్కడే కూలబడ్డాడు. దమ్ము కాదు, ఏడుపు. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా వెక్కుతుంటే నేనూ పక్కన కూర్చుని భుజం పట్టుకున్నాను. నా కళ్లూ ఆగలేదు, దాచడమెందుకు. కొంతసేపటికి అతను మీసం తుడుచుకుని అనంతకృష్ణ చేతిలోంచి సున్నం డబ్బా తీసుకుని పక్కన పెట్టాడు.

"తప్పు చెప్పిన బిడ్డా. పని అయిపోయిందనుకున్న. పని యాడ అయింది? కింద మనుషులున్నరు. గుంజ తియ్యరాదు."

"మరి ఎప్పుడు తియ్యాలె కాకా?"

"పిలుస్తనే ఉండాలె. జవాబు రానినాడు తియ్యాలె."

అనంతకృష్ణ ఆ వారమే కాగితం రాసి పైకి పంపాడు. తాను పనిచేసిన ప్రైవేటు గని సంగతి, స్తెఫను మాట రెండూ అందులో పెట్టాడట. పైవాళ్లు ఒప్పుకున్నారు. దారి ఆలోచన మానుకున్నారు. డంపర్లు ఇప్పటికీ చుట్టూ తిరిగే వస్తున్నాయి. ఆ వచ్చిన వానకాలం గోదావరి ఎంత కోపంగా పారిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. గుట్ట మీద నుంచి దిగిన నీళ్లు తేటగా దిగాయి, పంపుల్లో బురద ఇరుక్కోలేదు, అన్ని గనులకంటే ముందు మా గుంతలోనే పని మొదలైందని కెరోలిన్ గోడ మీదుగా నాకు చెప్పింది. తరువాత కంపెనీకి అప్పిచ్చే బ్యాంకు వాళ్లు చూడటానికొస్తే, బొగ్గు కంటే ముందు గుట్ట చూపించమన్నారట. మావాడు స్తెఫనునే వెంటబెట్టుకుని పోయాడు. వాళ్లు పోయాక స్తెఫను గోడ దగ్గరికొచ్చి మోచేతులు పెట్టి, "మొలిచిందా పంతులూ నీ జమ వైపు?" అన్నాడు. నేను చాయ పోశాను. ఇంకేమనను?

పోయిన చలికాలం స్తెఫను పోయాడు. నిద్రలోనే, ఎవరికీ కష్టం పెట్టకుండా. చర్చి వెనక సువార్త పక్కనే పెట్టారు. కెరోలిన్ గుట్ట మీది రేల కొమ్మ తెచ్చి పెట్టింది. అనంతకృష్ణ అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. నేను ఏడవలేదు. మర్నాడు పొద్దున పొరపాటున రెండు గ్లాసుల్లో చాయ పోశాను, అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు అతని చేతికర్ర నా దగ్గర ఉంది. వారంలో ఒకట్రెండు సార్లు మధ్యాహ్నం గుట్ట ఎక్కుతాను. వేపచెట్టు మీద చెయ్యి ఆనించి, మిషన్లు ఆగేదాకా ఆగుతాను. జీవితంలో ఎప్పుడూ గట్టిగా మాట్లాడని గుమాస్తా గొంతు నాది. అయినా ఉన్నదంతా పెట్టి కిందికి కేక వేస్తాను.

ఇప్పటిదాకా జవాబు వస్తూనే ఉంది.